అడగని మొక్క

దాహం పెట్టడం నా ఉద్యోగం.
దీన్నే మర్యాదగా చెప్పే మాటలు
పరిశోధన పత్రాల్లో చాలా ఉన్నాయి,
గుణుపురం సంతలో ఒక్కటీ చెల్లదు.
వంగనారు వేళ్ళూనేదాకా చంటిబిడ్డలా చూస్తాను.
మొదటి పూత విప్పిన రోజు
నీళ్ళ గొట్టం మర కట్టేస్తాను.

కిటికీలోంచి వంశధార.
ఏప్రిల్లో అది ఏరు కాదు,
ఏరు లేచిపోయాక మిగిలిన చాప.
ఇసకలో చెలమ తీసి
చెంబుతో కొంచెం కొంచెం తోడుకుంటున్నారు ఆడవాళ్ళు.
అక్కడ మర కట్టింది మాత్రం నేను కాదు.

నలభై రెండు రకాలు, రకానికి మూడు కుండీలు.
దొంగవాన పడకుండా పైన ప్లాస్టిక్ కప్పు.
తెల్లారగట్ల ఆకు తుంచి తూస్తాం,
నానబెట్టి తూస్తాం,
ఎండబెట్టి తూస్తాం.
బిభూతి పాణిగ్రాహి అంకెలు ఒడియాలో చదువుతాడు,
నా చెవి తెలుగులో వింటుంది,
చెయ్యి ఇంగ్లీషులో రాస్తుంది.
ఇంత ప్రయాణం చేసినా ఏడు ఏడే, ఎనిమిది ఎనిమిదే.

పదిహేడో నంబరుకి పేరు లేదు.
సుంబారి గమాంగో కొండ మీది పోడులోంచి తెచ్చింది,
సొరబుర్రలో బూడిదతో కలిపి.
ఏ రకం అనడిగితే
వంకాయ, అంది
చదువుకున్నదానివి ఇది కూడా తెలీదా అన్నట్టు.
కాయ గోలీ అంత. తొడిమంతా ముళ్ళు. చేదు.
ఎండుచేపతో వండితే చేదు ఎటో పోతుందట.
బజారుకి తెస్తే ఎవరూ కొనరట.

పదకొండో రోజుకి తోట తల వేలేసింది.
పన్నెండో రోజు పొద్దున్న వెళ్ళేసరికి
అన్నీ నిటారుగా ఉన్నాయి,
ఇన్‌స్పెక్టరు వచ్చిన బడిలాగ.
కుండీల కింద తడి.
మూలన బోర్లించిన చెంబు.

కాపలా తవిటయ్య దాచలేదు.
"రేత్రి కునుకు పట్టనేదమ్మా.
ఆకులు ఏలాడీసినాయి.
దప్పికని నోరు తెరిసినోటికి నీళ్ళు నేవని
ఏ మొకం పెట్టుకుని సెప్పను?"

ఏడాది పని.
అరవాలి. అరిచాను.
పాణిగ్రాహి పుస్తకం మూసి
కప్పు కింద నుంచి బయటికి నడిచి
ఎండలో ఒక్కడే నిలబడ్డాడు.
తవిటయ్య తువ్వాలు చేతుల్లో నలుపుతున్నాడు.

అప్పుడు కనబడ్డాయి ఆ మూడు కుండీలు.
మట్టి నెర్రెలు విచ్చి, పొడిగా.
పదిహేడు.

"వీటికి పొయ్యలేదేం?"

"అది అడగనేదమ్మా."

ఆకు అంచు లోపలికి కాస్త మడుచుకుంది, అంతే.
తర్వాత సూక్ష్మదర్శిని కింద చూశాం:
ఎండ ఎక్కకముందే రంధ్రాలు మూసుకుంటుంది,
సంత జోరు మీదుండగానే
గంప ఎత్తేసుకుని వెళ్ళిపోయే మనిషిలా.
ఉన్న తడి ఉన్నట్టే ఇంటికి పట్టుకుపోతుంది.

పాడైన ప్రయోగం అని రాశాం. నిజమే.
ఏ గడిలోనూ పట్టదు తవిటయ్య లాంతరు,
ఏ మొక్క నోరు తెరిచిందో, ఏది తెరవలేదో
ఒక్కొక్కదాని దగ్గరా వంగి చూసిన ఆ రాత్రి.

గుణం అన్నచోట "ఓర్పు" అని రాయబోయి
ఆగిపోయాను.
సుంబారి కూడా ఏమీ అడగలేదు.
రెండు బస్సులు మారి వచ్చింది,
చార్జీలైనా అడగలేదు.
అడగకపోవడం, అక్కర్లేకపోవడం
ఒకటేనని ఏ తూకం చెప్పింది నాకు?
ఆ మాట కొట్టేసి
"రంధ్రాలు త్వరగా మూయును" అని రాశాను.

మళ్ళీ నారు పోశాం.
ఈసారి తలుపుకి తాళం.
రెండో చెవి ఎవరి దగ్గరుండాలని
పాణిగ్రాహి చాలాసేపు ఆలోచించి
తవిటయ్యకే ఇచ్చాడు.

ఇవాళ పదో రోజు.
ముసలాయన మంచం అటు తిప్పుకుని పడుకున్నాడు,
మొక్కలకి వీపు పెట్టి.
నిద్రపోవడం లేదు.
నాకు తెలుసు, నేనూ పోవడం లేదు.